ప్లగ్గుకు ఎంత వేడి కావాలి?

"నాలుగు ప్లగ్గులూ కొత్తయే ఏసిన కాకా. అయినా మిస్సింగ్ పోతలేదు. వాన పడ్డ పొద్దైతే స్టార్టే కాదు. ఎందుకంటవ్?"

పాత ఫియట్‌ను ఇంకా ఇంటి ముందు నిలుపుకున్నవాళ్ళు మెకానిక్కును అడిగే ప్రశ్న ఇది. ముంబైలో ఇది తెలుగులో వినబడే చోట్లు ఉన్నాయి. వర్లి చాల్‌లలో, ప్రభాదేవి, లోయర్ పరేల్ గల్లీల్లో మిల్లు పనికని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే చతికిలబడ్డాయి. పని పోయినవాళ్ళలో కొందరు టాక్సీ స్టీరింగ్ పట్టారు, కొందరు గ్యారేజీల్లో పానా పట్టారు. ఇంకొంచెం దక్షిణానికి పోతే కామాఠీపురా. దానికి పేరు తెచ్చిన కామాఠీలూ మన కూలీలే. వర్లి దగ్గర సముద్రపు గండిని పద్దెనిమిదో శతాబ్దంలో హార్న్‌బీ కట్ట వేసి పూడ్చాక ఆరిన పల్లపు నేల మీద లేచిన పేట అది. అక్కడి నుంచి చోర్ బజారుకు నడిచిపోవచ్చు. పాత కారుకు దొరకని సామాను కోసం అందరూ తిరిగేదీ అక్కడే.

ఇక బండి సంగతి. కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్‌ను తెచ్చింది. 1974 నుంచి అదే బండి ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, అల్యూమినియం హెడ్డు. దశాబ్దాలపాటు ముంబైలో నలుపు-పసుపు టాక్సీ అంటే జనానికి గుర్తొచ్చింది ఈ బండే. టాక్సీగా చివరి పద్మిని తాడ్‌దేవ్ ఆర్టీవోలో రిజిస్టరైంది 2003 అక్టోబరు 29న. ఇరవై ఏళ్ళ గడువు నిబంధన ప్రకారం 2023 అక్టోబరు చివరికి ఆ శకం ముగిసింది. ఇప్పుడు మిగిలినవి ఇష్టంకొద్దీ కాపాడుకుంటున్న సొంత బండ్లు. అప్పటి ఇంజనే, అదే హెడ్డు, అవే ప్లగ్గు రంధ్రాలు. కాని ఒకప్పుడు ఆ బండి పగలంతా ఆగకుండా తిరిగేది; ఇప్పుడు ఆదివారం పొద్దున కాసేపు తిరిగి కవరు కప్పుకుంటుంది. ప్లగ్గును ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ తేడానే. చాలామంది చూడనిదీ ఇదే.

పన్నెండు వోల్టులు సందు దాటే తీరు

ప్లగ్గు కొసలో నడిమి కడ్డీకీ, పక్క కొక్కేనికీ మధ్య చిన్న సందు ఉంటుంది; కరెంటు దాన్ని దూకితేనే నిప్పురవ్వ. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. అంత చిన్న వోల్టేజీ గాలిలో వెంట్రుకవాసి సందును కూడా దాటలేదు. బయట మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. ఆ పని కాయిల్ చేస్తుంది. కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి, ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండోది సన్నని తీగతో వేల చుట్లు. పాయింట్లు మూసి ఉన్నంతసేపు మొదటి చుట్టలో కరెంటు పారి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు విడిపోగానే అది ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడంలో రెండో చుట్టలో పదిహేను, ఇరవై వేల వోల్టుల దాకా పుట్టగలవు. డిస్ట్రిబ్యూటర్ దాన్ని ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరసలో ప్లగ్గులకు పంచుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ పుట్టించాలి.

గ్యారేజీలో ప్లగ్గును పరీక్షించే పద్ధతి అందరూ చూసే ఉంటారు. ప్లగ్గు విప్పి, తీగకు తగిలించి, ఒళ్ళు ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తారు. టక్ టక్‌మని నీలిరంగు రవ్వ కనబడుతుంది. "ప్లగ్గు మంచిగనే ఉంది, లోపం వేరే దగ్గరుంది" అని తిరిగి బిగించేస్తారు. ఈ పరీక్ష సగం మాత్రమే నిజం చెబుతుంది. జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లోనే దీనికి కారణం తేల్చాడు. సందు దాటడానికి కావలసిన వోల్టేజీ సందు వెడల్పు మీదే కాదు, అందులోని వాయువు ఎంత ఒత్తిడిలో ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చేసరికి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఏడెనిమిదో వంతు చోటులోకి నలిగిపోయి ఉంటుంది. వాయువు కణాలు అంత చిక్కగా ఉన్నప్పుడు దూకాలనుకున్న ఎలక్ట్రాను వేగం అందుకునేలోపే దేనికో ఒకదానికి గుద్దుకుంటుంది. కాబట్టి బయట రెండు వేల వోల్టులతో దూకిన అదే సందు లోపల ఎన్నో రెట్లు అడుగుతుంది. బయట మెరిసి లోపల చచ్చిపోయే ప్లగ్గులు ఉంటాయన్నమాట. బండి రేసిచ్చినప్పుడు, లేదా ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు మాత్రమే మిస్సింగ్ కొడుతుంటే ఇదే సంగతి. థ్రాటిల్ తెరిచే కొద్దీ సిలిండర్‌లో చేరే మిశ్రమం పెరుగుతుంది, దాంతో పీడనమూ పెరుగుతుంది, అప్పుడు బలహీనత బయటపడుతుంది.

రెండో చిక్కు, కరెంటుకు దూకాల్సిన అవసరమే లేకుండా దారి దొరకడం. కాయిల్ తన వోల్టేజీని ఒక్కసారిగా తెచ్చి ఇవ్వదు. సెకనులో లక్షో వంతుల లెక్కలోనైనా సరే, అది మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. సందు దూకేంత ఎత్తుకు చేరేలోపు ఎక్కడైనా చిల్లు ఉంటే అక్కడి నుంచి కారిపోతుంది. ఆ చిల్లు లోపల ఉంటే ప్లగ్గు పింగాణీ మీది మసి. బయట ఉంటే తేమ.

వర్లి సంగతి ఇక్కడ వస్తుంది. సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఉప్పు పొర తీగల మీదా, డిస్ట్రిబ్యూటర్ మూత మీదా, ప్లగ్గు పైభాగపు తెల్ల పింగాణీ మీదా పేరుకుంటుంది. ఎండాకాలంలో అది ఊరకే ఉంటుంది. జూన్ రాగానే గాలిలోని తేమను పీల్చుకొని కరెంటుకు రోడ్డు వేస్తుంది. ముంబైలో ఏడాదికి రెండు మీటర్లకు పైగా వాన, అదీ దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. పింగాణీ మీద గాజుల్లాంటి గట్లు ఉండేది ఈ దారిని పొడిగించడానికే. కాబట్టి వానపొద్దున స్టార్టు కాని బండికి ముందుగా కొత్త ప్లగ్గులు కొనకూడదు. పొడి గుడ్డ తీసుకొని కాయిల్ తల, మూత లోపల బయట, నాలుగు తీగలు, ప్లగ్గుల పింగాణీ తుడవాలి. రాత్రిపూట దీపాలు ఆర్పి బానెట్ ఎత్తి ఇంజను నడిపిస్తే, కరెంటు ఎక్కడ కారుతోందో నీలిరంగు గీతలై కళ్ళకే కనబడుతుంది. చేయి మాత్రం పెట్టకండి.

ఇంకో చిన్న సంగతి, గ్యారేజీల్లో ఎవరూ పట్టించుకోనిది. కాయిల్ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తీగలు తారుమారైతే బండి నడుస్తుంది, కాని ఎలక్ట్రాన్లు వేడిగా ఉన్న నడిమి కడ్డీ నుంచి కాక చల్లగా ఉన్న పక్క కొక్కెం నుంచి దూకాల్సి వస్తుంది. వేడి లోహం ఎలక్ట్రాన్లను సులువుగా వదులుతుంది, చల్లటిది వదలదు. అంటే ఉత్త పుణ్యానికి ఎక్కువ వోల్టేజీ ఖర్చు. ఎన్ని ప్లగ్గులు మార్చినా ఈ తప్పు పోదు.

వేడి మెట్టు

"మంచి స్పార్కు ఇచ్చే ప్లగ్గు ఏది?" అని కొట్లో అడుగుతారు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. సరైన కొలతల్లో, సరైన సందుతో ఉన్న ఏ మంచి కంపెనీ ప్లగ్గైనా ఆ ఇంజనుకు సరిపడా రవ్వ ఇస్తుంది. తేడా అంతా మంటలో మునిగిన దాని ముక్కు ఎంత వేడిగా ఉంటుందన్న దాంట్లో.

లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. అది క్షణికం, వెంటనే చల్లటి కొత్త మిశ్రమం వచ్చి తాకుతుంది. ఈ రెండింటి నడుమ పింగాణీ ముక్కు ఒక సగటు వేడి దగ్గర నిలుస్తుంది. ఆ వేడి సుమారు 450 లేదా 500 డిగ్రీలకు తక్కువైతే ముక్కు మీద పడ్డ మసి కాలదు, పేరుకుంటుంది. 850, 900 డిగ్రీలు దాటితే ముక్కే నిప్పుకణికై, నిప్పురవ్వ పుట్టకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. ముందే అంటుకున్న మంట పైకి వస్తున్న పిస్టన్‌ను ఎదురు కొడుతుంది. పిస్టన్ నెత్తికి చిల్లు పడటం అనేది మాటవరసకు చెప్పేది కాదు. ఈ రెండు గీతల మధ్య ఉండటమే ప్లగ్గు బతుకు.

ఆ వేడిని ఎలా అదుపు చేస్తారు? పొయ్యిలో ఇనుప చువ్వ పెట్టి, రెండో చివరను తడిగుడ్డతో పట్టుకున్నారనుకోండి. గుడ్డను నిప్పుకు బెత్తెడు దూరంలో పట్టుకుంటే కొస పెద్దగా ఎర్రబడదు, వేడి వెంటనే తడిలోకి దిగిపోతుంది. మూరెడు దూరంలో పట్టుకుంటే వేడి పోవడానికి దారి పొడుగు, కొస ఎర్రగా కాలుతుంది. చువ్వ అదే, నిప్పు అదే. తేడా గుడ్డ పట్టిన చోటే. ప్లగ్గులో పింగాణీ ముక్కు ఆ చువ్వ. అది ఇనుప తొడుగును లోపల ఎక్కడ ఆనుకుంటుందో అదే గుడ్డ పట్టిన చోటు. అక్కడి నుంచి వేడి మరలోకి, వాషర్‌లోకి, హెడ్డులోకి, చివరికి రేడియేటరు నీళ్ళలోకి పోతుంది. ముక్కు పొడుగ్గా ఉన్నది వేడి ప్లగ్గు, పొట్టిగా ఉన్నది చల్ల ప్లగ్గు. ఈ లెక్కను మెకానిక్కులు హీట్ రేంజ్ అంటారు, మనం వేడి మెట్టు అందాం.

ఎక్కువ వేడి పుట్టించే ఇంజనుకు చల్ల ప్లగ్గు కావాలి, వేడి వెంటనే బయటకు పోవాలి గనుక. తక్కువ వేడిలో నడిచే ఇంజనుకు వేడి ప్లగ్గు కావాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, అందుకే కొట్ల దగ్గర ఇంత గందరగోళం.

ఇప్పుడు టాక్సీ లెక్క చూడండి. పగలంతా నడిచే బండి, ఎండలో ట్రాఫిక్, మధ్యాహ్నం విమానాశ్రయం కిరాయి దొరికితే హైవే మీద పూర్తి పరుగు. ఇంజను ఒకసారి వేడెక్కితే రాత్రి దాకా చల్లబడదు. దానికి తయారీదారు చెప్పిన మెట్టే సరి. అదే ఇంజను ఈరోజు ఆదివారం పొద్దున వర్లి సీఫేస్ దాకా పోయి, అక్కడ పది నిమిషాలు ఐడిల్‌లో నిలబడి, ఫొటోలు దిగి, రెండు కిలోమీటర్లు తిరిగి ఇంటికొస్తుంది. చోక్ లాగి స్టార్టు చేసిన చిక్కటి మిశ్రమం మసి మొత్తం ముక్కు మీదే ఉండిపోతుంది. ఆ మసి కాలేంత వేడి దానికి ఎప్పుడూ అందదు. వారం వారం కొత్త పొర. అలాంటి బండికి తయారీదారు చెప్పిన దానికంటే ఒక మెట్టు వేడి ప్లగ్గు వేస్తే చాలా చిక్కులు వాటంతటవే పోతాయని నా అభిప్రాయం. ఒక మెట్టే, రెండు కాదు. ఆ ప్లగ్గులతోనే ఎండాకాలంలో లోనావాలా ఘాట్ ఎక్కుతానంటే మాత్రం పాతవి డిక్కీలో పెట్టుకొని పోండి, కింద ఖోపోలీలో మార్చుకోండి. అంత ఓపిక లేకపోతే తయారీదారు మెట్టే ఉంచి, వారానికోసారైనా బండిని అరగంట గట్టిగా నడపండి. రెండోదే మంచి మందు, దానికి ఖర్చు పెట్రోలు మాత్రమే.

పెద్ద అంకె చల్లదా, వేడిదా?

ప్లగ్గు పింగాణీ మీద అచ్చేసిన అంకెలో వేడి మెట్టు ఉంటుంది. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో దిక్కు.

మన దేశంలో తరాలపాటు పాత కార్లలో కనబడినవి మైకో ప్లగ్గులు. మైకో అంటే 1951లో పుట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, జర్మనీ బాష్‌కు చెందినది; 2008లో పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. అధిక వోల్టేజీ మాగ్నెటోతో పాటు ప్లగ్గుకు ఇప్పటి రూపం ఇచ్చింది కూడా ఆ బాష్ సంస్థలోని ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డే, 1902లో. ఈ కంపెనీ పాత లెక్కలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లబడుతుంది: డబ్ల్యూ 145 వేడిది, 175 నడిమిది, 225 చల్లది. తర్వాత లెక్క మార్చి చిన్న అంకెలు పెట్టారు, దిక్కూ తిప్పేశారు. 145 కాస్తా 8 అయింది, 175 కాస్తా 7, 225 కాస్తా 5. అంటే కొత్త లెక్కలో అంకె తగ్గే కొద్దీ చల్లన. చోర్ బజారులో దుమ్ము పట్టిన పాత డబ్బాలో దొరికిన ప్లగ్గుకూ, కొట్లో కొత్త డబ్బాలో వచ్చిన ప్లగ్గుకూ ఒకే కంపెనీ ముద్ర ఉన్నా అంకెలు ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి.

జపాన్ వారి ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన: 5 వేడిది, 6 నడిమిది, 7 చల్లది. అమెరికా ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడి: 9 కంటే 12 వేడిది. స్థూలంగా బాష్ 7, ఎన్‌జీకే 6, ఛాంపియన్ 9 ఒకే మెట్టు. ఎన్‌జీకే వాడేవాడు స్నేహితుడి మాట విని "ఒక అంకె పెంచు" అని ఛాంపియన్ కొంటే సరిగ్గా తిరగబడ్డ పని అవుతుంది.

అంకె కంటే ముందు చూడాల్సింది ఒళ్ళు కొలతలు. పాత కార్లలో మర ఎక్కువగా 14 మిల్లీమీటర్ల వ్యాసం. మర పొడవు మాత్రం 12.7 లేదా 19 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడుగు రంధ్రంలో పొట్టి ప్లగ్గు వేస్తే అడుగు మరలు మసితో నిండిపోయి, తర్వాత సరైన ప్లగ్గు దిగదు. పొట్టి రంధ్రంలో పొడుగు ప్లగ్గు వేస్తే అది లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కు తగలొచ్చు. కాబట్టి మాన్యువల్ చూడండి. మాన్యువల్ లేకపోతే ఇప్పుడున్న ప్లగ్గు సరైనదేనని నమ్మేయకుండా హెడ్డు మరను కొలవండి. ముప్పై ఏళ్ళలో ఆ బండి ఎన్ని చేతుల్లో పడిందో ఎవరికి తెలుసు?

అక్షరాల్లో ఆర్ ఉంటే లోపల కొన్ని వేల ఓముల నిరోధకం ఉందని అర్థం. రేడియోలో గరగర తగ్గించడానికి పెట్టేది అది. పాయింట్లున్న పాత బండికి అది తప్పనిసరి కాదు. తీగ టోపీల్లో ఇప్పటికే నిరోధకాలు ఉంటే రెండూ కలిసి రవ్వను కొంత నలిపేస్తాయి, ఏదో ఒక చోటే ఉంచుకోండి.

"ఇరిడియం వేస్తే పికప్ పెరుగుతుందా?" అని కుర్రవాళ్ళు అడుగుతారు. పెరగదు. ఇరిడియం 2,446 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నికెల్ 1,455 దగ్గరే. కాబట్టి ఇరిడియంతో కడ్డీని సూదంత సన్నగా చేసినా అరగకుండా నిలబడుతుంది. సన్నని మొన నుంచి తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది, బలహీనపడ్డ పాత కాయిల్‌కు అది కొంత ఊరట. అంతకు మించి గుర్రపు బలం ఎక్కడి నుంచీ రాదు. ఆయిల్ తాగే ఇంజనులో ఆ ఖరీదైన మొన కూడా మామూలుదానిలాగే మసిబారుతుంది. నేనైతే ఆ డబ్బుతో కొత్త ప్లగ్గు తీగలు కొంటాను.

ముక్కు చెప్పే మాట

ప్లగ్గును విప్పి చూడటం కొత్తది కొనడం కంటే ముందు చేయాల్సిన పని. విప్పేటప్పుడు నాలుగింటినీ వరసలో పెట్టండి, ఏది ఏ సిలిండర్‌దో తెలియకపోతే చూసి లాభం లేదు.

లేత గోధుమ లేక బూడిద రంగు, పొడిగా ఉంటే అంతా కుశలం. నల్లగా, పొడిగా, వేలికి అంటే మసి ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది, లేదా ముక్కు తన మసిని కాల్చుకునేంత వేడెక్కడం లేదు. నాలుగూ నల్లగా ఉంటే కార్బురేటరు, చోక్, గాలి వడపోత, లేదా మనం చెప్పుకున్న ఆదివారం జబ్బు. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్ తీగ, ప్లగ్గు, లేదా వాల్వు. నల్లగా, తడిగా, నూనెతో మెరుస్తుంటే రింగులో, వాల్వు గైడులో నుంచి ఆయిల్ వస్తోంది. అప్పుడు ఒక మెట్టు వేడి ప్లగ్గు వేస్తే కొంతకాలం కప్పిపుచ్చుకోవచ్చు, రోగం పోదు. తెల్లగా, బొబ్బలెక్కినట్టు, కడ్డీ అంచులు కరిగినట్టు ఉంటే ఆగండి. ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందా, మిశ్రమం పలచబడిందా, రేడియేటరు పనిచేస్తోందా చూసేదాకా బండి తీయకండి.

ట్రాఫిక్‌లో గంటసేపు ఐడిల్ నడిపి వచ్చి విప్పితే ప్రతి ప్లగ్గూ నల్లగానే కనబడుతుంది. దాని మీద తీర్పు చెప్పకూడదు. తెల్లవారుజామున వర్లి నుంచి సీలింక్ మీద ఒకే వేగంతో బాంద్రా దాకా పోయి, వంతెన దిగాక (వంతెన మీద ఆపడం నిషేధం) ఐడిల్‌లో ఉంచకుండా వెంటనే ఇంజను కట్టేసి, చల్లారాక విప్పండి. ఆ ముక్కు ఐదారు కిలోమీటర్ల నిజం చెబుతుంది.

పాత పుస్తకాల్లోని రంగుల వర్ణనలు సీసం కలిపిన పెట్రోలు కాలానివి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే. సీసపు బూడిద ఇచ్చే ముదురు గోధుమ రంగు ఇప్పుడు రాదు, ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు కూడా పాలిపోయి కనబడుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి జెట్టు మార్చని పాత కార్బురేటరుకు మిశ్రమం కొంత పలచబడుతుంది, ముక్కు ఇంకొంచెం తెల్లబడుతుంది. బొబ్బలూ కరుగుడూ లేనంతవరకు తెలుపును చూసి భయపడి చల్ల ప్లగ్గుకు మారకండి, ముందు జెట్టు చూడండి.

ఈ శతాబ్దం మొదట్లో కోర్టు ఆదేశాలతో ముంబై టాక్సీలు సీఎన్‌జీకి మారినప్పుడు డ్రైవర్లకు ఇంకో వింత ఎదురైంది. గ్యాస్‌కు మసి లేదు, ప్లగ్గులు శుభ్రంగా ఉండేవి, అయినా బండి దగ్గేది. గ్యాసు మిశ్రమంలో రవ్వ దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, కడ్డీ అరుగుదల కూడా ఎక్కువ. సందు కొంచెం తగ్గించడం, తీగలు ముందే మార్చడం దానికి మందు. ఇప్పటికీ గ్యాసు కిట్టుతో ఉన్న పద్మిని మీ దగ్గరుంటే పెట్రోలు కోసం చెప్పిన పెద్ద సందు పెట్టకండి.

రంపపు బ్లేడు, పావు చుట్టు

పాయింట్లతో నడిచే పాత ఇంజనులకు సందు సాధారణంగా 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య. ఫీలర్ గేజు లేని చోట మన మెకానిక్కులు యాక్సా బ్లేడు ముక్కను దూర్చి చూస్తారు. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు గాని, మామూలు ఇనుప రంపపు బ్లేడు మందం 0.63 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. పళ్ళ వైపు కాకుండా వీపు వైపు దూర్చితే చాలు. సందు సరిచేయడానికి కొక్కేన్ని మాత్రమే వంచాలి, నడిమి కడ్డీ మీద ఒత్తిడి పడితే పింగాణీ చిట్లుతుంది. అరిగిన ప్లగ్గులో కడ్డీ అంచులు గుండ్రబడతాయి. గుండ్రటి అంచుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి సన్నని ఆకురాయితో చదును చేసి అంచు పదును తేవచ్చు.

శుభ్రం చేయడంలో జరిగే హింస మాత్రం ఎక్కువే. కొందరు ప్లగ్గును పొయ్యి మంటలో ఎర్రగా కాలుస్తారు. ఆ హఠాత్తు వేడికి పింగాణీలో కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి, కరెంటు ఆ పగుళ్ళలో నుంచి కారుతుంది. స్టీలు బ్రష్షుతో రుద్దితే పింగాణీ మీద లోహపు గీతలు మిగులుతాయి, అవీ దారులే. గాలితో ఇసుక కొట్టే యంత్రం మసిని తీస్తుంది, పింగాణీ నునుపును కూడా తీస్తుంది. గరుకైన ముక్కు మీద మసి మరింత త్వరగా కూర్చుంటుంది. పైగా తొడుగులో ఇరుక్కున్న ఇసుక రేణువు ఒకటి సిలిండర్‌లో పడితే గోడ మీద గీత పడుతుంది. కొంచెం పెట్రోలు, ఇత్తడి లేదా నైలాన్ బ్రష్షు, పొడి గాలి, అంతవరకే. ఒకటి రెండు లీటర్ల పెట్రోలు ధరకు కొత్త మామూలు ప్లగ్గు వస్తుంది. పది వేల కిలోమీటర్లు దాటిన దానికి ఇంత సేవ దండగ.

బిగించేటప్పుడు ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. అల్యూమినియం హెడ్డు వేడిలో ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, మెత్తన కూడా. మొదట పానా వాడకుండా వేళ్ళతోనే చివరిదాకా తిప్పండి. రెండో చుట్టులోనే బిరుసుగా ఉంటే మర వంకర పడుతోందని, విప్పి మళ్ళీ మొదలుపెట్టాలని అర్థం. ఇక్కడ మొండిగా పానా వేసినవాళ్ళే తర్వాత హెడ్డు విప్పి లేతు మిషను దగ్గర కూర్చుంటారు. అతిగా బిగించడం ఎంత తప్పో, వదులుగా వదిలేయడమూ అంతే తప్పు. ప్లగ్గు వేడిలో ఎక్కువ భాగం బయటకు పోయేది వాషర్ ద్వారా, మరల ద్వారా. అవి హెడ్డుకు గట్టిగా ఆనకపోతే వేడి పోదు, అప్పుడు సరైన మెట్టు ప్లగ్గు కూడా తప్పు మెట్టు వేడి ప్లగ్గులా ప్రవర్తిస్తుంది. కొత్త వాషర్ ఉన్న ప్లగ్గును వేళ్ళతో ఆనేదాకా తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు. ఒకసారి నలిగిన పాత వాషరైతే 15 నుంచి 30 డిగ్రీలు చాలు.